వాళ్ళ వంతు

నా చిన్నప్పుడు ఒక మంచి శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, గుడి నిండా జనం నోరు విప్పకుండా నిలబడి ఉండగా, నేనొక్కదాన్నే గొంతెత్తి పాడాను. పాట మధ్యలో అందరూ ఆగే చోటు అది. అక్కడ ఎవరూ పాడకూడదని మా ఊళ్ళో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నా గొంతు పెంకుల కప్పు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలిచి, దానంతటదే ఆగిపోయింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో "అయ్యో దేవా" అన్నారు. ముందు నిలబడి పాట నడిపిస్తున్న మా తాతయ్య వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చీకట్లో తలుపు చప్పుడు విన్న మనిషి చూసే చూపు అది.

ఇదంతా అర్థం కావాలంటే ఆ పాట సంగతి చెప్పాలి.

మాది కాలవ గట్టు మీద ఉన్న చిన్న ఊరు. మా పేటలో గుడి అంటే చర్చే. మా తాతయ్య తాతల కాలంలో ఒక జర్మన్ దొరగారు వచ్చి దాన్ని కట్టించాడు. ఆయన ఇటుకబట్టీ దగ్గరుండి కాల్పించాడనీ, మామిడిపండు తినడం చేతకాక ఉన్న చొక్కాలన్నీ పాడుచేసుకున్నాడనీ, చివరికి జ్వరం తగిలి మా ఊళ్ళోనే పోయాడనీ చెప్పుకునేవారు. ఆయన మాకు మిగిల్చినవి గుడీ, ఒక పాటా. ఆ పాట ఆయన కట్టింది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయన దేశంలో ఒక చర్చికి సంగీతం సమకూర్చే ఉద్యోగంలో ఉన్నాయన కట్టింది. ఆ సంగీతకారుడి పేరు మా నోళ్ళకు తిరిగేది కాదు. అందుకని అందరం ఆయన్ని జర్మనీ పంతులుగారు అనేవాళ్ళం, పక్క ఊరి బడిలో పనిచేస్తున్న మనిషి గురించి చెప్పుకున్నట్టు.

దొరగారు ఆ పాటకు తెలుగు మాటలు కూర్చి, పేటలో వాళ్ళందరికీ నోటితో చెప్పి నేర్పాడు. అది మా మిగతా కీర్తనల్లా ఉండేది కాదు. తాళం వేద్దామంటే చేతికి చిక్కేది కాదు. ఒక మెట్టు ఎక్కి, ఆ మెట్టు మీదే చాలాసేపు కూర్చుని, మళ్ళీ ఒక మెట్టు దిగేది. ఉన్నట్టుండి నడిమధ్యలో ఆగిపోయేది. ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు కాదు, అంతకంటే చాలా ఎక్కువసేపు. ఆ తరవాత 'నెమ్మది' అన్న మాట దగ్గర అందరూ ఒక్కసారిగా అందుకునేవారు. ఎంతసేపు ఆగాలో దొరగారు కచ్చితంగా నేర్పి వెళ్ళాడు. పెద్దవాళ్ళు బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకునేవారు. ఎందుకు ఆగాలో మాత్రం ఆయన చెప్పలేదు. చెప్పినా ఎవరికీ అర్థం అయి ఉండదు.

కారణం తెలియకుండా మనుషులు ఏ పనీ ఎక్కువ కాలం చేయలేరు. మా వాళ్ళు కారణం వెతుక్కున్నారు. మనం ఆగిన చోట పోయినవాళ్ళు పాడతారు అన్నారు. ఆ నిశ్శబ్దానికి 'వాళ్ళ వంతు' అని పేరు పెట్టారు. వాళ్ళ వంతులో దగ్గొచ్చినా ఆపుకోవాలి. చంటిపిల్లలున్న తల్లులు ముందే అరుగు మీదికి వెళ్ళిపోవాలి. మా తాతయ్య ఆ పాటకు పెద్ద దిక్కు. ఆయన చెయ్యి పైకెత్తి వేళ్ళు ముడిచాడంటే వాళ్ళ వంతు మొదలైనట్టు.

ఆ వేళల్లో మా అమ్మ లెక్క తన వేళ్ళ మీద పెట్టుకునేది కాదు. నా చెయ్యి తీసుకుని నా కణుపులు ఒక్కొక్కటే నొక్కుతూ పోయేది. చివరగా చిటికెనవేలి కొస దగ్గర కాస్త గట్టిగా నొక్కిందంటే, ఊపిరి తీసుకో, పాట వస్తోంది అని గుర్తు.

"ఎవరు పాడుతున్నారమ్మా?" అని ఒకసారి గుసగుసగా అడిగాను.

"మీ ముత్తవ్వ. ఊరుకో."

"నాకేం వినపడట్లేదు."

"నీకు వినపడాలని పాడుతోందేంటే ఆవిడ?" అంది అమ్మ, నవ్వు ఆపుకుంటూ.

ఆ ఏడు వానాకాలంలోనే అమ్మ జ్వరంతో పోయింది. నాన్న ఉద్యోగం ఎక్కడో దూరాన. నేను తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉండిపోయాను. అమ్మ పోయినప్పుడు నేను పెద్దగా ఏడవలేదని ఊళ్ళో అనుకున్నారు. ఏడవకపోవడానికి నా కారణం నాకుంది. మంచి శుక్రవారం వస్తుంది, వాళ్ళ వంతు వస్తుంది, అమ్మ ఇప్పుడు అటువైపు చేరింది కాబట్టి అందులో పాడుతుంది. ముత్తవ్వను నేనెప్పుడూ చూడలేదు, అందుకని ఆవిడ గొంతు తెలియకపోయింది. అమ్మ గొంతు తెలియకపోవడమేమిటి? క్రిస్మస్ వెళ్ళినప్పటి నుంచీ ఆ ఒక్క మధ్యాహ్నం కోసం కాచుకుని ఉన్నాను.

ఆ రోజు వచ్చింది. తాతయ్య చెయ్యెత్తి వేళ్ళు ముడిచాడు. గుడి చల్లబడినట్టు నిశ్శబ్దమైపోయింది. నేను విన్నాను. కిటికీ చువ్వ మీద పిచ్చుక గోళ్ళ చప్పుడు వినపడింది. ఎవరిదో కడుపులో గుడగుడ వినపడింది. అమ్మ వినపడలేదు. నా వేళ్ళు నొక్కేవాళ్ళు లేక లెక్క ఎక్కడిదాకా వచ్చిందో కూడా తెలియలేదు. అప్పుడు నాకో సంగతి తట్టింది. ప్రతి ఏడూ మేం నిలబడే చోటు కిటికీ పక్కన. ఆ ఏడు అమ్మమ్మ నన్ను తనతోపాటు స్తంభం వెనక నిలబెట్టింది. నేనెక్కడున్నానో అమ్మకు తెలియదు. తెలియాలి కదా అని పాడాను.

ప్రార్థన అయ్యాక అరుగు మీద ఒక సంఘపెద్ద తాతయ్యను పట్టుకున్నాడు. "ఏవయ్యా, మన వంతు చాలక నీ మనవరాలికి వాళ్ళ వంతు కూడా కావాల్సొచ్చిందా?" అన్నాడు. తాతయ్య నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, నావైపు చూడకుండా అడిగాడు.

"ఏం పాడావే అది?"

"ఏమో."

"మళ్ళీ పాడు ఒకసారి."

ప్రయత్నించాను. రాలేదు. రెండు మెట్లు ఎక్కి పైన వేలాడినట్టు ఉందని మాత్రం గుర్తుంది, ఆ తరవాత ఏమీ లేదు. "కాస్త గుర్తు తెచ్చుకో అమ్మడూ" అన్నాడు. ఆయన అంత బతిమాలుతున్నట్టు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఆయనకు పోయింది కూతురు అన్న సంగతి ఆ వయసులో నా బుర్రకు ఎక్కలేదు.

"అమ్మ పాడలేదు తాతయ్యా. అక్కడెవరూ లేరు. మీరందరూ ఊరికే నోరు మూసుకుని నిలబడుతున్నారు. నేనింక గుడికి రాను" అన్నాను. ఆ పూట అన్నం తినలేదు. అమ్మ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడూ రాలేదు.

మర్నాడు శనివారం. పొద్దు నడినెత్తికి వస్తుండగా తాతయ్య నన్ను కాలవ గట్టుకు తీసుకెళ్ళాడు. లాకుల దగ్గర నన్ను నిలబెట్టి, తాను రేవు దాకా వెళతానన్నాడు. లాకులకూ రేవుకూ మధ్య కాలవ వంపు తిరుగుతుంది. వంపు దగ్గర మొగలి పొదలు. ఇటు మనిషికి అటు మనిషి కనపడడు, వినపడడు. మధ్యాహ్నం గుడి గంట మాత్రం రెండు చోట్లకీ వినపడుతుంది.

"గంట మొదటి దెబ్బకి పాట ఎత్తుకో. ఎత్తుకుని నాకెదురు నడువు. నేనూ అటునుంచి పాడుకుంటూ వస్తా. పాట అయిపోతే మళ్ళీ మొదలెట్టు. వాళ్ళ వంతు వస్తే ఆపు, నడక ఆపకు. నీ వేళ్ళు నువ్వే నొక్కుకో" అన్నాడు.

"ఎందుకు?"

"చెప్పిన పని చెయ్యవే. అన్నిటికీ అచ్చం మీ అమ్మలాగే."

గంట కొట్టారు. పాడుకుంటూ నడిచాను. ఎండకు కళ్ళు చికిలించుకుని, ఎవరూ లేని గట్టు మీద, ఎవరికీ కాని పాట పాడడం మొదట్లో సిగ్గనిపించింది. గాలి హోరు తప్ప అటునుంచి ఏమీ లేదు. మొదటిసారి వాళ్ళ వంతు వచ్చినప్పుడు నా చేతిని నేనే పట్టుకుని కణుపులు నొక్కుకున్నాను. అమ్మ నొక్కిన చోట్లే. పాట అయిపోయింది, మళ్ళీ ఎత్తుకున్నాను. మళ్ళీ ఆగాను. వంపు దగ్గరకు వచ్చేసరికి లెక్క చివరి కణుపు మీద ఉంది. ఊపిరి తీసుకుని 'నెమ్మది' అని అందుకున్నాను. మొగలి పొదల అవతల నుంచి తాతయ్య వంపు తిరిగి వచ్చాడు. ఆయన నోట్లో అదే మాట, అదే అక్షరం మీద ఉంది.

ఇద్దరం పాట పూర్తి చేశాం. తాతయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఇందాకట్నుంచి నేను వినపడ్డానా నీకు?"

"లేదు."

"పాడలేదంటావా?"

ఆయన ఇంటి దారి పట్టాడు. అమ్మ పేరు ఎత్తలేదు. దారిలో నాకు ఏడుపు వచ్చింది. ఆయన ఆగలేదు, ఊరుకోమనలేదు. నా అడుగుకు తగ్గట్టు తన నడక నెమ్మది చేసుకుని పక్కనే నడిచాడు. మర్నాడు ఈస్టరు ఆరాధనకు వెళ్ళాను.

తరవాత నేను చదువుకుని ఒక దినపత్రికలో చేరాను. పల్లెటూరి సంఘటనల నుంచి ప్రభుత్వ ప్రకటనల దాకా నా బల్ల మీదుగా పోయేవి. చెప్పిన ప్రతి మాటకూ ఎవరు చూశారు, ఎక్కడి నుంచి చూశారు అని అడగడం ఆ పని నేర్పింది. ఆ అలవాటుతో ఒకరోజు, సిటీ ఎడిషన్ పేజీలు పంపేసి టీ తాగుతుండగా, ఆ మధ్యాహ్నం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. రేవు నుంచి వంపు దగ్గరకు రావాలంటే మధ్యలో ఒక పిల్లకాలవ దాటాలి. మోకాలి లోతు నీళ్ళు. తాతయ్య పంచె అంచు తడిసి లేదు. పొడిగా, ఇస్త్రీ మడతతో, ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది. అంటే ఆయన రేవు దాకా వెళ్ళనే లేదేమో. మొగలి పొదల వెనక కూర్చుని, నా గొంతు దగ్గరయ్యేదాకా విని, సరైన మాట దగ్గర లేచి వచ్చి ఉంటాడు. లేదా పిల్లకాలవ మీద తాటి దుంగ ఉండి ఉండవచ్చు. ఉందో లేదో నాకు గుర్తులేదు. అప్పటికి తాతయ్య లేడు.

కానీ ఆయన బతికున్నన్నాళ్ళూ ఒకటి చేశాడు. ప్రతి మంచి శుక్రవారం వాళ్ళ వంతులో చెయ్యి పైకెత్తి ఉంచి, తల కొద్దిగా తిప్పి నావైపు చూసేవాడు. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా, "అది ఎప్పుడైనా గుర్తొచ్చిందా?" అని అడిగేవాడు. ఏది అని నేను అడగనక్కర్లేదు.

ఇప్పుడు నేను న్యూజిలాండ్ దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్‌లో ఉంటున్నాను. మా అమ్మాయి ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకోడానికి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని సెటిల్ అయింది. నేను రిటైరయ్యాక మనవరాలి కోసం వచ్చాను. జూన్ వచ్చిందంటే ఈ ఊళ్ళో చలి గాలి దక్షిణం నుంచి నేరుగా ఎముకల్లోకి దిగుతుంది. పక్కింట్లో ఒక కివీ ఆవిడ ఉంటుంది. నేను అలవాటు కొద్దీ ఆవిణ్ణి పక్కింటి దొరసాని అంటాను.

"అమ్మా, ప్లీజ్, ఆవిణ్ణి అలా అనకు. ఆవిడ రిటైర్డ్ బస్ డ్రైవర్" అంటుంది మా అమ్మాయి.

"బస్సు నడిపితే దొరసాని కాకుండా పోతుందా?" అంటాను నేను.

ఆ దొరసాని తన చర్చి గాయకబృందంలో పాడుతుంది. పోయిన చలికాలంలో ఒక శనివారం మధ్యాహ్నం, వాళ్ళ హాల్లో హీటర్ బాగుంటుంది, ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు రండి అని నన్నూ మనవరాలినీ కార్లో ఎక్కించుకుపోయింది. మేం వెనక వరస కుర్చీల్లో కూర్చున్నాం. బృందాన్ని నడిపించే కుర్రాడు ముందు ఆ రోజు పాట గురించి చెప్పాడు. ఈ ఊరి వాళ్ళ ఇంగ్లీషు నాకు సగమే అందుతుంది. మిగతా సగం మనవరాలు నా చెవిలో చెప్పింది.

కట్టినాయన పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ అట. ఒక ఊరి చర్చిలో ఉద్యోగం. ఆదివారం ఆదివారం ఆరాధనకు సంగీతం అందించాలి. ఒళ్ళు బాగున్నా లేకున్నా, ఇంట్లో చావు జరిగినా, ఆదివారం ఆగదు కదా. పత్రికలో పనిచేసినదాన్ని, ఆయన అవస్థ నాకు బాగా అర్థమయింది. ఆయన పాటలు చాలావరకు అచ్చు కాలేదట. చేత్తో నకళ్ళు రాసుకునేవారట. పాడేవాళ్ళకు మొత్తం పాట ఎవరికీ ఇచ్చేవారు కాదు. నాలుగు రకాల గొంతులు, నాలుగు వరసలు. ఎవరి వరస వాళ్ళకు మాత్రమే రాసిచ్చేవారు. తన వంతు లేనప్పుడు ఎంతసేపు ఆగాలో అందులో లెక్క ఉంటుంది, ఆ ఆగినంతసేపూ మిగతావాళ్ళు ఏం పాడతారో ఉండదు.

ఆ మాట విన్నప్పుడు కూడా నాకేమీ తట్టలేదు. ముందు మగవాళ్ళలో సన్నగొంతు వాళ్ళను మాత్రమే ఒకసారి పాడమన్నాడు కుర్రాడు. నలుగురు ముసలాయనలు లేచి నిలబడ్డారు.

మా ఊరి పాట పాడారు.

మాటలు వేరు. కానీ అదే మెట్టు ఎక్కడం, దాని మీదే కూర్చోవడం, దిగడం. నడిమధ్యలో ఆగిపోయారు. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకొకాయన పెన్సిల్‌తో తొడ మీద మెల్లగా లెక్క వేసుకుంటున్నాడు. సరిగ్గా మా పేటలో ఆగినంతసేపూ ఆగి, నలుగురూ ఒక్కసారిగా అందుకున్నారు. నా ఒంట్లో చలి పుట్టింది. హీటర్ పక్కనే ఉంది.

అప్పుడు తెలిసింది మాకు జరిగింది ఏమిటో. దొరగారు కుర్రతనంలో తన ఊరి చర్చిలో ఆ నాలుగు వరసల్లో ఒకటి పాడి ఉంటాడు. ఆయన దగ్గరున్నది అదొక్కటే. అదే మాకు నేర్పాడు. మేం దాన్నే పాట అనుకున్నాం. ఊరు ఊరంతా, మగా ఆడా, తరాల తరబడి, ఒక పాటలో పావు వంతు పాడుతూ, మిగతావాళ్ళ కోసం లెక్క తప్పకుండా ఆగుతూ వచ్చాం. ఇది నా ఊహే, దీనికి రుజువు లేదు. కానీ వేరే విధంగా ఎలా జరిగి ఉంటుందో నాకు తోచడం లేదు.

తరవాత అందరూ కలిసి పాడారు. మా వరస లోపలెక్కడో, నలుగురిలో నలిగిన మనిషిలా వినపడింది. నడిమధ్యలోకి రాగానే అది ఆగింది. నా చేతిలోకి మనవరాలి చెయ్యి ఎప్పుడు వచ్చిందో తెలియదు. కణుపులు నొక్కుతున్నాను. ఆ నిశ్శబ్దంలోకి ఆడగొంతులు వచ్చాయి. ఒక గొంతు ముందు, దాని వెనక ఇంకొకటి. తొందర లేకుండా, ఎవరికీ వినిపించాలని కాకుండా. అమ్మ, ముత్తవ్వ, నాకు పేర్లు తెలియని ఆడవాళ్ళందరూ పాడతారని మా వాళ్ళు చెప్పిన ఆ జాగాలో నిజంగానే ఆడవాళ్ళు పాడుతున్నారు. ఎప్పటినుంచో పాడుతున్నట్టే ఉంది. మేమే కాలవ వంపుకు ఇటువైపు ఉండిపోయాం.

చివరి కణుపు దగ్గర గట్టిగా నొక్కి, ఊపిరి తీసుకుని, పెదవుల లోపలే 'నెమ్మది' అన్నాను. ముసలాయనలు నలుగురూ అదే క్షణంలో అందుకున్నారు. లెక్క తప్పలేదు.

"అమ్మమ్మా, ఇట్ హర్ట్స్!" అంది మనవరాలు చెయ్యి లాక్కుంటూ. "వాట్ ఆర్ యూ కౌంటింగ్?"

"వాళ్ళ వంతు అమ్మా. ఇక్కడ మనం ఊరుకోవాలి, వాళ్ళు పాడతారు."

అది ముందుకు చూసింది, మళ్ళీ నావైపు చూసింది. "బట్ దే ఆర్ సింగింగ్, అమ్మమ్మా" అంది, నాకు చెవుడు వచ్చిందేమో అన్నట్టు.

ఆ గొంతులు రెండు మెట్లు ఎక్కి పైన వేలాడాయా? వేలాడాయనే నాకనిపించింది. చిన్నప్పుడు స్తంభం వెనక నుంచి నేను పాడింది అదేనని కూడా అనిపించింది. కానీ విన్న తరవాత అనిపించినదానికి విలువ లేదని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఇప్పుడు పాత జ్ఞాపకాన్ని తవ్వితే కొత్తగా విన్న పాటే దొరుకుతోంది. రెంటినీ విడదీయడం నాకు చేతకావడం లేదు.

రెండో సాక్షి కోసం మా ఊరికి ఫోన్ చేశాను. ఇప్పుడు అక్కడ వాళ్ళ వంతు లేదట. నిశ్శబ్దం బాగాలేదని కుర్రాళ్ళు ఆ జాగాలో కీబోర్డు వాయిస్తున్నారట. ఆ రోజు గుడిలో ఉన్నవాళ్ళలో నాతోపాటు మిగిలింది మా దూరపు అత్త ఒక్కతే. ఆవిడకు గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"పాడడమేంటే నీ మొహం!" అంది అత్త. "ఏడ్చావు. గుడి అదిరిపోయేట్టు అమ్మా అని ఏడ్చావు. మీ అమ్మమ్మ నీ నోరు మూసింది."

నాకు ఏడ్చిన గుర్తు లేదు. అమ్మమ్మ నోరు మూసిన గుర్తూ లేదు. తాతయ్య అడిగింది మాత్రం గుర్తుంది. ఏడ్చిన పిల్లని మళ్ళీ ఏడవమని ఎవరూ అడగరు కదా. ఆయన మళ్ళీ పాడమన్నాడు, పోయేదాకా అది గుర్తొచ్చిందా అనే అడిగాడు.

ఇప్పటికీ ఏదైనా కబురు రావలసి ఉండి రానప్పుడు, మా అమ్మాయి మంచుపట్టిన రోడ్డు మీద డ్రైవ్ చేసుకుంటూ ఇంటికి రావడం ఆలస్యమైనప్పుడు, నా బొటనవేలు దానంతటదే కణుపుల మీదికి వెళుతుంది. వినపడకపోతే లేరని అనుకోవడం కాలవ గట్టు మీదే మానేశాను. ఆ రోజు నేను పాడానో ఏడ్చానో మాత్రం తేలలేదు. అత్త ఈ మధ్య మంచం పట్టింది. ఫోన్ చేస్తే, తీసినవాళ్ళు ఆవిడ చెవి దగ్గర పెడుతున్నారు. అటునుంచి ఏమీ వినపడడం లేదు.